పోలమ్మ ఎరువుకుప్ప

అనగనగా ఒక అడవి. దాని అంచున ఒక ఎర్రమట్టి చేను. ఆ చేనులో వేరుశనగ వేసుకుని, ఇద్దరు పిల్లల్ని సాకుతూ ఒక ముళ్లపంది ఉండేది. దాని పేరు పోలమ్మ.

పాపం, పోలమ్మ బాగా అలిసిపోయింది. మొదటి ఏడు మొక్కలు మొదలు కుళ్లి ఒరిగిపోతుంటే ఆకుల మీద బూజుమందు కొట్టింది. ఫలితం లేదు. రెండో ఏడు మందు రెట్టింపు చేసింది. నడుం పడిపోయింది తప్ప తెగులు పోలేదు. ఎలా పోతుంది చెప్పండి? తెగులేమో మట్టిలో, మందేమో ఆకుల మీద! మూడో ఏడు కూడా పంట పోతే పిల్లల్ని వెంటబెట్టుకుని వలస పోవాల్సిందే.

అందుకని వాగు అవతల ఉండే తాబేలు అప్పన్న మామ దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకుంది.

“ఎండల్లో నేల లోతుగా దున్ని, మట్టిని బాగా ఎండనియ్యి. చివికిన పశువుల ఎరువులో వేపపిండి వేసి, ఇదిగో, నేనిచ్చే ఈ పొడి కలుపు. ఇందులో మంచి బూజు ఉందమ్మా, అది చెడ్డ బూజును తినేస్తుంది. నీడన కుప్ప పోసి తడి గోనె కప్పు. విత్తే ముందు చేనంతా చల్లు. మందు మాత్రం ఆ కుప్ప దగ్గరికి రానీకు. అనుమానం వస్తే నన్నడుగు,” అన్నాడు మామ.

పోలమ్మ దున్నింది, ఎండబెట్టింది, కుప్ప పోసింది. ఒళ్లు హూనమైంది. విత్తే రోజు గోనె ఎత్తి చూస్తే, కుప్ప నిండా ఆకుపచ్చ బూజు!

“అయ్యో, ఎరువుకీ తెగులు పట్టేసిందే!” అంది పోలమ్మ.

“మామనడుగుదామమ్మా,” అంది కూతురు.

“ఆ వాగు దాటే ఓపిక నాకు లేదే తల్లీ,” అంది పోలమ్మ.

మిగిలిన బూజుమందంతా కుప్ప మీద కుమ్మరించింది. పచ్చదనం మాడిపోయింది. హమ్మయ్య అనుకుని ఆ ఎరువే చల్లి, విత్తనం వేసింది.

కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మొక్కలు మళ్లీ ఒరగసాగాయి. కబురు విని మామ వచ్చాడు.

“కుప్ప పచ్చబడిందా అమ్మా?”

“పడింది మామా. తెగులనుకుని చంపేశాను.”

“ఆ పచ్చ బూజే నీ చేనుకి కాపలా అమ్మా,” అన్నాడు మామ.

పోలమ్మ సాలులో కూలబడి ఏడ్చింది. “అడగాల్సింది మామా. అలిసిపోయి అడగలేకపోయాను.”

మామ తిట్టలేదు. రోగం మొక్కలు పీకించి దూరంగా తగలబెట్టించాడు. తన దగ్గరున్న కొత్త కుప్ప తెచ్చి, ఇంకా నిలబడి ఉన్న గట్టువార సాళ్లలో వేయించాడు. ఆ కాసిని మొక్కలే దక్కాయి. వలస తప్పింది గానీ ఆకలి తప్పలేదు. చలికాలమంతా తల్లీపిల్లలు చేదు దుంపలే తిన్నారు.

ఒకరోజు చిన్నవాడు దక్కిన కాయల బుట్టలో చెయ్యి పెట్టాడు. పోలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“అవి తినేవి కావు నాన్నా, విత్తనాలు,” అంది.

వాడు కాసేపు తల్లి మొహంలోకి చూశాడు. గుప్పిట విప్పి, కాయలన్నీ బుట్టలో వేసేశాడు. పోలమ్మ వాడి వైపు చూడలేకపోయింది.

నీతి: ఎంత అలిసినా సరే, తెలియనిదాన్ని చంపే ముందు తెలిసినవాళ్లని ఒక్క మాట అడగాలి.