ఓడదొంగ పేర్రాజు, అతన్ని లేపిన తమ్ముడు

చింతలరేవులో ఇసుకపట్ల వారంత తెలివైనవాళ్ళు లేరని ఇసుకపట్ల వారే చెబుతుంటారు. ఎవరో చెప్పేదాకా ఆగడం దేనికని వాళ్ళ ఉద్దేశం. మాట అంటే మాటే, దానికి అటూ ఇటూ ఏమీ ఉండదన్నది ఆ ఇంటి పద్ధతి. ఒకసారి ఎదురింటి మహాలక్ష్మమ్మగారు పెళ్ళికి వెళ్తూ, కాస్త మా ఇల్లు చూస్తూ ఉండు నాయనా అని పేర్రాజుకి చెప్పింది. పేర్రాజు అరుగు మీద కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. దొంగలు వచ్చి బిందెలూ గంగాళాలూ మోసుకుపోతుంటే, అడ్డం తప్పుకోండి, ఇల్లు కనపడ్డం లేదని వాళ్ళని కసిరాడు కూడా. ఆవిడ తిరిగొచ్చాక, "ఇల్లు ఎక్కడికీ పోలేదమ్మా, చూస్తూనే ఉన్నాను" అన్నాడు.

ఈ సంగతి ఊరంతా చెప్పుకుని మురిసిపోయినవాడు పేర్రాజు తమ్ముడు సూరన్న. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే సూరన్నని అన్నే పెంచాడు. అన్న లేవమంటే లేచేవాడు, తినమంటే తినేవాడు. "ఒరే వెధవా" అని అన్న కేకేస్తే గానీ అతనికి తెల్లారినట్టు ఉండేది కాదు.

ఓ ఆదివారం పేర్రాజు బావమరిది చలపతి కాకినాడ నుంచి వచ్చాడు. చంకలో ఓ పెట్టె, అందులో సముద్రం బొమ్మ గీసిన అట్ట, ఎర్రగా మెరిసే పాచిక ఒకటి. అక్క కనకరత్నాన్నీ బావలనీ నడవలో చుట్టూ కూర్చోబెట్టాడు.

"ఇది కొత్త ఆట బావా. మనం ఓడదొంగలం. కథ నేను చెబుతాను, అందులో మనుషులు మీరు. ఏం చేస్తారో మీరు చెప్పాలి, అయిందో లేదో పాచిక చెబుతుంది. మీరు దొంగల నాయకుడు."

పేర్రాజు మొహం ముడుచుకున్నాడు. "దొంగని కాకుండా దొంగనని ఎలా చెప్పుకుంటాన్రా, అబద్ధం కదూ" అని లేచి, ఎదురింటి పాదు నుంచి ఓ గుమ్మడికాయ కోసుకొచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఊఁ, ఇప్పుడు చెప్పు."

"అక్కా, నువ్వు ఓడలో వంటమనిషివి."

"ఇంట్లోనూ అదే కదరా" అంది కనకరత్నం.

"చినబావా, నీది అందరికన్నా గొప్ప వేషం. నువ్వు చచ్చినవాళ్ళని లేపే మాంత్రికుడివి. నువ్వు లేపినవాళ్ళు నీకు బానిసలు. నువ్వు చెప్పినట్టల్లా చెయ్యాలి."

ఇంతవరకూ సూరన్న చెప్పిన మాట వీధికుక్క కూడా వినలేదు. చేతనవునో కాదో చూసుకోవాలి కదా అని వంటింట్లోకి వెళ్ళి, ఎండుచేపల బుట్ట ముందు కూర్చుని "లేవండి" అన్నాడు. లేవలేదు. మాంత్రికుడైనా మర్యాద ఉండాలని, "దయచేసి లేవండి" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేసరికి బుట్ట ఖాళీ. కిటికీలో పిల్లి మూతి నాక్కుంటోంది. ఎటు వెళ్ళాయో చూశావా అని దాన్నడిగాడు. అది చెప్పలేదు.

"అన్నయ్యా, చేపలన్నీ లేచి వెళ్ళిపోయేయి."

పేర్రాజు తమ్ముడి వీపు తట్టాడు. "మన వంశంలో ఇంతవరకూ ఎవరూ లేపలేదురా."

ఆట మొదలైంది. ఓడ బయల్దేరింది, సముద్రం అల్లకల్లోలంగా ఉందన్నాడు చలపతి. అంతే, కనకరత్నం పెరట్లోకి పరిగెత్తి ఎండబెట్టిన వడియాలు లోపల పెట్టేసింది. పేర్రాజు గుమ్మంలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. ఎముకల దీవి దగ్గర శత్రువులు కత్తులతో మీద పడ్డారు. పాచిక వెయ్యమంటే పేర్రాజు వేశాడు. ఒకటి పడింది.

"అయిపోయారు బావా, చచ్చిపోయేరు" అన్నాడు చలపతి నవ్వుతూ.

ఇంకేముంది. పేర్రాజు గుమ్మడికాయ పక్కన పెట్టి, చాప పరుచుకుని, తల దక్షిణానికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"పొద్దున్న కూడా బాగానే ఉన్నారు కదరా తమ్ముడూ" అని కనకరత్నం గుండెలు బాదుకుంది.

"అక్కా, ఆటలోనే కదా పోయేరు."

"ఎక్కడ పోతే ఏంట్రా. పెద్దమామయ్య కాశీలో పోయేడు. కాశీలోనే కదా అని ఊరుకున్నామా?"

గుమ్మడికాయ గురించి గొడవకొచ్చిన మహాలక్ష్మమ్మగారు ఆ ఏడుపు చూసి, తనూ కాసేపు ఏడ్చి వెళ్ళింది.

సూరన్న అన్న పక్కన చతికిలబడ్డాడు. అన్న లేని ఇంట్లో రేపు తనని ఎవరు లేవమంటారు? అన్నని లేపడానికి పాచిక వేశాడు. రెండు పడింది. ఆరు పడితే గానీ లేవడు, లేపడానికి మాంత్రికుడు రోజుకి ఒక్కసారే వెయ్యాలి, అది నియమం.

"పోనీ తెల్లారిపోయిందనుకుని మళ్ళీ వెయ్యి చినబావా" అన్నాడు చలపతి జాలిపడి.

"ఎలా అనుకోను చలపతీ? సూర్యుడింకా అక్కడే ఉన్నాడు."

ఆ పూట గుమ్మడికాయ పులుసు పెట్టారు. పోయిన మనిషికి వడ్డించకూడదు కాబట్టి పేర్రాజుకి పెట్టలేదు. వాసనకి అతని కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పోయినా మా మీద బెంగ తీరలేదు కాబోలని కనకరత్నం మరింత ఏడ్చింది.

మర్నాడు సూరన్న స్నానం చేసి పాచిక వేశాడు. ఆరు పడింది. "లే అన్నయ్యా" అన్నాడు. పేర్రాజు లేచాడు. ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకున్నారు. పేర్రాజు మాత్రం చేతులు కట్టుకుని తమ్ముడి ముందు నిలబడ్డాడు.

"సెలవియ్యండి దొరా."

"అన్నయ్యా, నేను సూరన్నని."

"అలాగే దొరా."

నిన్నట్నించీ పస్తున్నాడు కదా అని సూరన్న అన్నని తినమన్నాడు. పేర్రాజు తినడం మొదలెట్టాడు. అన్నం గిన్నె ఖాళీ అయింది. మిగిలిన పులుసు అయింది. ఆగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పచ్చి వడియాలు అందుకున్నాడు.

"ఆగమనవయ్యా సూరన్నా" అంది కనకరత్నం.

"అన్నయ్యని నేను ఆగమనడమా? నోరెలా వస్తుంది వదినా?"

పేర్రాజు ఉప్పుజాడీ ఒళ్ళో పెట్టుకున్నాక సూరన్న ఏడుస్తూ "చాలు" అన్నాడు. అని, పెద్దవాడికి ఎదురుచెప్పినందుకు తన చెంప తనే వాయించుకున్నాడు.

"నన్నో తిట్టు తిట్టు అన్నయ్యా."

"ఏం తిట్టమంటారు దొరా?"

"ఒరే వెధవా అను."

"ఒరే వెధవా అంటున్నాను దొరా."

చెప్పించుకున్న తిట్టు తిట్టులా లేదు. సూరన్న బావురుమన్నాడు. అన్న ఎదురుగా ఉండీ అన్న లేడు, చచ్చినప్పుడే నయమనిపించింది. చలపతి చేతులు పట్టుకుని, ఈ బానిసత్వం తప్పించే దారి చెప్పమన్నాడు. చలపతికి బస్సు వేళవుతోంది.

"మాంత్రికుడు చస్తే సరి. వాడు లేపినవాళ్ళు కూడా వాడితోపాటే పడిపోతారు" అన్నాడు విసుగ్గా.

ఆ మాట చాలు. చావడానికి ఆ నియమం లేదు కాబట్టి ఒకటి పడేదాకా పాచిక వేసి, సూరన్న చాప మీద పడుకుని చచ్చిపోయాడు. పక్కనే పేర్రాజు దబ్బున పడ్డాడు. అప్పుడు పేర్రాజు కళ్ళు తెరవకుండానే తమ్ముణ్ణి మోచేత్తో పొడిచాడు.

"కాలు తియ్యరా వెధవా, మీదేస్తావేంటి."

సూరన్నకి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు దొర లేడు, బానిస లేడు. చచ్చిన అన్న, చచ్చిన తమ్ముడు, అంతే. వెంటనే కాలు తీశాడు.

చలపతి తల పట్టుకున్నాడు. "అక్కా, నేనే మాంత్రికుణ్ణవుతాను. ఇద్దర్నీ లేపేసి ఈ ఆట కట్టేస్తాను" అని పాచిక అందుకుని అరుగు మీదికొచ్చాడు. అప్పటికే కనకరత్నం రెండు అన్నం ముద్దలు పిట్టగోడ మీద పెడుతోంది.

"అది పదో రోజున కదక్కా పెట్టేది?"

"సూరన్న పొద్దుట్నించీ ఏమీ తినలేదురా. పదో రోజుదాకా ఎలా ఆగుతాడు?"

కాకి వాలింది. ముద్దల వంక చూసి మొహం తిప్పుకుంది. పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందని కనకరత్నం కంగారుపడింది. "ఏమండీ, మీ తమ్ముణ్ణి నేను బిడ్డలా చూసుకుంటాను" అని కాకికి దణ్ణం పెట్టింది.

"వాడూ పోయేడు కదే" అన్నాడు పేర్రాజు లోపల్నించి.

కాకి ముట్టలేదు. చలపతి దేవుణ్ణి తలుచుకుని అరుగు మీద పాచిక వేశాడు. అది ఎర్రగా మెరుస్తూ దొర్లుకుంటూ పోయింది. ఏం పడిందో చూసేలోపు కాకి కిందికి దూకి, పాచికని ముక్కున కరుచుకుని సముద్రం వైపు ఎగిరిపోయింది.

కనకరత్నం చేతులు జోడించి, ఊపిరి పీల్చుకుంది.

"కాకి పట్టుకెళ్ళింది. వీళ్ళకింక ఏ కోరికా మిగల్లేదు. వెళ్ళి స్నానం చెయ్యరా తమ్ముడూ, మైలపడ్డావు."

లోపల సూరన్న అంతా విన్నాడు. పాచిక పోయింది కాబట్టి ఇంక తననెవరూ లేపరు, అన్నకి పని చెప్పమనరు. సంతోషం పట్టలేక నవ్వొచ్చింది.

"నవ్వకురా వెధవా, చచ్చినవాడివి" అన్నాడు పేర్రాజు.

సూరన్న నవ్వు ఆపేసి, హాయిగా కళ్ళు మూసుకున్నాడు.