బీకరు అడుగున జిగురు

సంతకం పెట్టే అధికారం వచ్చిన మొదటి వారంలోనే మోజెస్ చిక్కులో పడ్డాడు.

అతను పనిచేసేది విమాన ఇంధనాన్ని పరీక్షించే ల్యాబులో. డిపోలోని ఒక ట్యాంకు ఇంధనాన్ని పీపాల్లో నింపి కొండమీది హెలిపాడ్‌కు పంపాలి. ఎండాకాలమంతా అది అక్కడే రేకుల షెడ్డులో ఉంటుంది. తుఫాను వచ్చినప్పుడు మన్యం ఊళ్లకు వెళ్లే హెలికాప్టర్లకు అదే దిక్కు. పీపాలు తీసుకెళ్లే లారీ అప్పటికే డిపో గేటు దగ్గర నిలబడి ఉంది. ఇంధనం బాగుందన్న సంతకం ఏదంటూ డిపో మేనేజరు పొద్దుటి నుంచీ ప్రాణం తీస్తున్నాడు.

ఇంధనం ఒక్క పరీక్షలో తప్పింది. నమూనాను ఉక్కు పాత్రలో పోసి, ఆక్సిజన్ నింపి, రాత్రంతా వేడిలో ఉంచుతారు. నెలల తరబడి గాలి తగిలితే ఏమవుతుందో దాంతో తెలుస్తుంది. తరువాత ఇంధనాన్ని ఆవిరి చేస్తే బీకరు అడుగున జిగురు మిగిలింది. ఉండదగ్గ దానికంటే కాస్త ఎక్కువ.

"కాస్తే కదా మేడమ్," అన్నాడు మోజెస్, తనకు పని నేర్పిన లోచని మేడమ్‌తో. "ట్యాంకులో చూడండి, మంచినీళ్లలా ఉంది. మనమే రాత్రంతా ఉడకబెట్టి, మనమే పాడైందంటే ఎలా?"

కుర్రాడికి వాదన బాగానే వచ్చు. మేడమ్‌కు వాదన మీద మోజు లేదు. ఆ బీకరు తీసి అతని చేతిలో పెట్టింది.

"కడుగు."

సబ్బు, వేడినీళ్లు, బ్రష్షు అన్నీ అయ్యాయి. గోధుమరంగు పొర కదల్లేదు. గోటితో గీకాడు. చొక్కా తడిసింది, ఒళ్లు మండింది. ఆఖరికి ద్రావకం పోసి, నానబెట్టి, గుడ్డతో తుడిస్తే గానీ అది వదల్లేదు.

"పోయింది మేడమ్!" అంటూ బీకరును వెలుగుకు పట్టి చూపించాడు. ముఖం వెలిగిపోతోంది.

"బాగా కడిగావు నాయనా," అంది మేడమ్. "ఇదే పొర ఇంజనులో సన్న గొట్టానికి పట్టిందనుకో. గాల్లో ఉండగా ఎవరు కడుగుతారు?"

మోజెస్ బీకరు కిందపెట్టాడు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. తడి చేతులు తుడుచుకుని, తనే మేనేజరుకు ఫోను చేశాడు.

"లారీని వెనక్కి పంపెయ్యండి సార్."

అవతల అరుపులు మొదలయ్యాయి. మోజెస్ చివరిదాకా విని, "అయినా సరే, పంపెయ్యండి సార్," అన్నాడు.