కమాను కింద దూలం

లింగోజుకు కమాను మీద నమ్మకం లేదు. కట్టింది తనే, అయినా లేదు.

అతని తాతముత్తాతలు గుళ్ళు కట్టినవాళ్ళు. రెండు కంబాలు నిలబెట్టి, పైన రాతి దూలం పడుకోబెట్టడమే వాళ్ళెరిగిన విద్య. ఇతను గుమ్మటాల పని నేర్వాలని ఉస్తాద్ కమాలుద్దీన్ దగ్గర చేరి ఏడేళ్ళు సున్నం మోశాడు. కొత్త మసీదు వాకిలికి ఒంటిచేత్తో కమాను నిలబెడితే గుమ్మటం పని నీదేనని మాటిచ్చి, రాళ్ళు ఎంచడానికి ఉస్తాద్ ఊరెళ్ళాడు.

నెలకు తిరిగొచ్చి చూస్తే కమాను నిలబడే ఉంది. కట్టేటప్పుడు కింద పెట్టిన చెక్క దన్ను కూడా తీసేశారు. కానీ అడ్డంగా ఒక రాతి దూలం. దాని నడుమ నుంచి కమాను కొనదాకా లేచిన రాతి తామరమొగ్గ.

"ఇదేంట్రా, నా కమానుకు ముక్కుపుడక?"

"అందానికి, ఉస్తాద్."

"అందానికి ఇంత లావా?"

లింగోజు తల దించాడు. "రాయి మీద రాయి పడుకుంటే కుదురు. ఇవేమో గాల్లో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడ్డాయి. ఎన్నాళ్ళని నెట్టుకుంటాయి?"

"కొండమీది బౌద్ధుల గుహ చూశావుగా. రాతి కప్పుకు వాసాలు చెక్కారు. అవి కొండను మోస్తున్నాయా?"

లింగోజు నవ్వేశాడు. "కొండను వాసాలు మోసేదేంటి ఉస్తాద్! అంతకుముందు కర్ర ఇళ్ళలో మొక్కినవాళ్ళు. వాసాలు కనబడకపోతే నెత్తిన కప్పున్నట్టు తోచలేదు, పాపం."

ఎదుటివాడి వెర్రి ఇంత బాగా తెలిసినవాడికి తనది తెలియకపోవడం లోకంలో వింతేమీ కాదు.

ఉస్తాద్ నిచ్చెన వేయించుకుని పైకెక్కాడు. భుజం మీది తువ్వాలు తీసి, మొగ్గకూ కమాను కొనరాయికీ మధ్య ఒక పక్క దూర్చి రెండో పక్క లాగాడు. ఎక్కడా పట్టకుండా వచ్చేసింది. మొగ్గకూ కమానుకూ నడుమ ఉన్న దన్ను చెక్కలు తీసినప్పుడు మిగిలిన సందు అది. తీశాక ఎవడూ పైకెక్కి చూసిన పాపాన పోలేదు.

"నెల్లాళ్ళుగా ఏం మోసిందిరా ఇది?"

లింగోజు కూడా నిచ్చెనెక్కి ఆ సందులో వేలు పెట్టి చూశాడు.

"గుమ్మటానికి ఎన్ని దూలాలు పెడతావు?"

మధ్యాహ్నానికల్లా దూలం నేల మీదుంది. లింగోజు సరిగ్గా కమాను కింద దాని మీద కూర్చుని సద్దిమూట విప్పాడు. ఉస్తాద్ గుమ్మటం కొలిచే తాడు తెచ్చి అతని పక్కన పెట్టి, జొన్నరొట్టె ఓ ముక్క తుంచుకున్నాడు.