గొడుగు అప్పలకొండ, వెనక్కి లాగే ఇంజను

గుండుకొండ రాజు రుద్రభూపతిగారికి ఒక సోమవారం పొద్దున్న, పళ్ళు తోముకుంటూ ఉండగా, కోరిక పుట్టింది.

"ఇక పల్లకీ వద్దు. కొండలూ గుట్టలూ ఎక్కి దిగే నాలుగు చక్రాల బండి కావాలి. ఏటీవీ!"

రాజులకి ఏటీవీలేమిటని అడక్కండి. ఆ రాజ్యంలో సెల్‌ఫోన్లు కూడా ఉన్నాయి, సిగ్నలే లేదు.

ఈ మాట వినగానే పల్లకీ మోసేవాళ్ళు పండగ చేసుకున్నారు. రాజుగారి బరువు వాళ్ళ భుజాలకి తెలుసు మరి. ఏడ్చినవాడు ఒక్కడే, గొడుగు పట్టే అప్పలకొండ.

ఎందుకంటే ఆ వంశానికి ఒక ఆచారం ఉంది. రాజు కొండమీది కోట గుమ్మం దాటితే నెత్తిమీద తెల్లగొడుగు ఉండాలి, దాన్ని రెండు చేతులతోనే పట్టాలి. పల్లకీ పక్కన నడుస్తూ పట్టడం ఒక ఎత్తు. బండి వెనకసీటు మీద కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా, మూడు మైళ్ళ కొండ దిగుతూ పట్టడం ఇంకో ఎత్తు.

ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకున్నాడు పాపం. "పోయేలోపల ఆ వంటింటి కప్పు బాగుచేసి పో," అందావిడ.

మర్నాడు సభలోకి రెండు బండ్లు వచ్చాయి, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. బేరగాడు వివరించాడు. "ప్రభూ, పచ్చదానికి ఇంజన్ బ్రేకింగ్ ఉంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే చక్రాల్ని పట్టి ఉంచుతుంది, బండి నెమ్మదిగా దిగుతుంది. నీలందానికి అది లేదు. యాక్సిలరేటర్ వదిలితే జారిపోతుంది, బ్రేకులే దిక్కు. కానీ హారన్లు మూడు!"

సేనాపతి ఉద్దండరాయుడు మీసం దువ్వాడు. ఆయన ఒక్క యుద్ధమూ చెయ్యలేదు గానీ, వెనకడుగు వెయ్యలేదని చెప్పుకోవడం మాత్రం మానలేదు.

"నీలందే తీసుకోండి ప్రభూ! ముందుకు లాగాల్సిన ఇంజను వెనక్కి లాగడమేమిటి, అసహ్యంగా? అది పిరికి ఇంజను. రాజుగారిని వెనక్కి లాగడమంటే రాజద్రోహం!"

"మరి దిగుడులోనో?" అన్నాడు అప్పలకొండ.

"బ్రేకులు లేవూ?"

"ఉన్నాయి బాబయ్యా. మూడు మైళ్ళూ నొక్కిపట్టి ఉంచితే కాలిపోతాయి. కాలిన బ్రేకు పట్టదు."

"గొడుగు పట్టేవాడివి, నీకు ఇంజన్ల సంగతి ఎందుకోయ్!"

సభంతా ఇకిలించింది. రాజుగారు కూడా నవ్వి, "వెనక్కి లాగడం రాజద్రోహమే. నీలం బండే ఖాయం. రేపే కొండ దిగుతాను. అప్పలకొండా, గొడుగు దులిపి ఉంచు," అన్నారు.

అప్పలకొండ చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం మహాప్రభూ. తమరి తాతగారి నాటి పల్లకీ కదా, దానికి ఆఖరిసారి ఊరేగింపు చేయిద్దాం. కోట గుమ్మం నుంచి కొండ మొదటి మలుపు దాకా. ముందు బొంగు సేనాపతిగారి భుజం మీద ఉంటే ఆ ఫొటో దర్బారు గోడకి తగిలించుకోవచ్చు."

ఫొటో అనేసరికి సేనాపతి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ముందు బొంగుకి నేనొక్కణ్ణే చాలు! ఇంకొకడు అక్కర్లేదు!"

సాయంత్రం పల్లకీ లేచింది. లోపల రాజుగారు, ఒళ్ళో జీడిపప్పు పళ్ళెం. ముందు సేనాపతి. వెనక బొంగు కింద ఇద్దరు మోతగాళ్ళు. పక్కన గొడుగుతో అప్పలకొండ, వెంట కెమెరాతో ఫొటోలవాడు. గుమ్మం ముందు చదునుగా ఉన్నంతసేపూ సేనాపతి ఫొటోకి నవ్వుతూనే ఉన్నాడు.

దిగుడు మొదలైంది.

రోజూ అయితే వెనకవాళ్ళు మడమలు తన్నిపెట్టి పల్లకీని వెనక్కి లాగి పడతారు. ఆవేళ లాగలేదు. మోశారు, అంతే. రాజుగారి బరువంతా పోయి సేనాపతి వీపు మీద పడింది.

ఆయన నడక పరుగైంది. పరుగు జారుడైంది. చెప్పులు ఊడిపోయాయి.

"ఒరేయ్! లాగండ్రా! వెనక్కి లాగండ్రా!"

"అమ్మో, మావల్ల కాదు బాబూ! రాజద్రోహం!" అన్నారు వెనకవాళ్ళు.

"కాళ్ళు ఉన్నాయి కదా బాబయ్యా, నొక్కిపట్టండి!" అన్నాడు అప్పలకొండ, పక్కనే పరిగెడుతూ. ఆ పరుగులోనూ గొడుగుని రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు.

"నొక్కుతూనే ఉన్నాన్రా! అరికాళ్ళు కాలిపోతున్నాయి! నిలవడం లేదు!"

జీడిపప్పులు గాల్లోకి ఎగిరాయి. రాజుగారు తెర తొలగించి చూస్తే ఎదురుగా మలుపు, మలుపు అవతల ఏమీ లేదు, గాలి తప్ప.

"లాగండ్రా వెధవల్లారా! నేను చెబుతున్నాను, వెనక్కి లాగండి!"

అప్పలకొండ ముందే చెప్పి ఉంచాడు, వెనకవాళ్ళు ఆ మాట కోసమే చూస్తున్నారు. నాలుగు మడమలూ ఒక్కసారి నేలలో దిగాయి. పల్లకీ బుద్ధిగా నెమ్మదించి, మలుపుకి నాలుగు బారల ఇవతల ఆగింది. సేనాపతి అక్కడే చతికిలబడి అరికాళ్ళు ఊదుకోసాగాడు.

రాజుగారికి ఊపిరి అందడానికి కాస్త టైము పట్టింది. "అప్పలకొండా... ఏమిట్రా ఇది?"

అప్పలకొండ గొడుగు సరిచేసి, వినయంగా వంగాడు.

"ముందు కాలినవి బ్రేకులు మహాప్రభూ. వెనక తమరిని కాపాడింది రాజద్రోహం."

రాజుగారు ఒకసారి సేనాపతి అరికాళ్ళ వంక, ఒకసారి మోతగాళ్ళ మడమల వంక చూశారు. తరవాత రాజుగారి బొజ్జ కదిలింది. ఆ నవ్వుకి పల్లకీ ఊగిపోయింది, మోతగాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, ఫొటోలవాడు కెమెరా కింద పెట్టేశాడు.

"పచ్చబండే కొంటాం! నీలంది సేనాపతికి బహుమానం. కోట లోపల, చదును నేల మీద, మూడు హారన్లూ కొట్టుకుంటూ తిరగమను. నీకేం కావాలో కోరుకోరా!"

"గొడుగుకి ఒక ఇనప స్టాండు చేయించి బండికి బిగించండి ప్రభూ. ఆచారం గొడుగుకి ఉండనివ్వండి, నా రెండు చేతులూ నాకిప్పించండి. మా వంటింటి కప్పు బాగుచేసుకోవాలి."

రాజుగారు మళ్ళీ పగలబడి నవ్వి, స్టాండుతోపాటు అప్పలకొండ వంటింటికి కొత్త కప్పు కూడా వేయించారు.