కొత్త వంటశాలలో పాలు

ప్రశ్న పట్టుకొచ్చినవాళ్ల చేతిలో ముందు ఏదో ఒక పని పెట్టడం సుభద్రమ్మగారి అలవాటు. కృష్ణ ఒడ్డున ఉన్న ఆవిడ ఆశ్రమంలో ఎవరైనా సరే, బియ్యం ఏరుతూనో పూలు కడుతూనో తమ సందేహం చెప్పుకోవాల్సిందే. గుంటూరు నుంచి మిరపపొడి ఎగుమతి చేసే రత్నాకరం పెళ్లికి ముందు నుంచీ ఆవిడ శిష్యుడు, ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. అందుకే ఆ జ్యేష్ఠమాసపు పొద్దున భార్య హైమవతినీ కూతురు నీరజనీ వెంటబెట్టుకుని వచ్చినవాడు, ఏ చాటో చేతికి రాకముందే నిలబడి అడిగేశాడు.

"అమ్మా, సంసారంతో సహా విదేశం వెళ్లి, వ్యాపారం కూడా అక్కడే పెట్టుకుందామనుకుంటున్నాను. ఏ దేశమో మీరే చెప్పాలి."

"నువ్వేం చూశావు నాయనా?"

రత్నాకరం ఫోను తీశాడు. దుబాయిలో లైసెన్సు తొందరగా వస్తుంది, పన్ను బాధ తక్కువ. కానీ ఎన్నాళ్లున్నా ఆ నేల మనది కాదు. సింగపూరులో చదువులు బాగు, ఖర్చు మోయలేం. పోర్చుగల్‌లో స్థిరపడే దారి ఉంది, భాష రాదు. మారిషస్‌లో తెలుగువాళ్లున్నారు, మన సరుక్కి బజారు చిన్నది. చెబుతున్నకొద్దీ అతని గొంతులో హుషారు పెరిగింది. ఏళ్ల తరబడి ఇదే పని మరి. ఎటూ వెళ్లిపోతాంగా అని ఇంట్లో గోడకి ఒక్క మేకు కొట్టనివ్వలేదు. మధ్యలో మానాల్సొస్తుందని నీరజని వీణకి పంపలేదు. ఇప్పుడా పిల్లకి పదో తరగతి అయింది. స్నేహితులంతా ఇంటర్‌లో చేరిపోయారు. తను మాత్రం ఇక్కడా అక్కడా కాకుండా ఇంట్లో కూర్చుంది. ఈ వారం దాటితే కాలేజీల్లో సీట్లుండవని, ఏడాది పోతుందని హైమవతి దిగులు.

ఆ మాటే ఆవిడ మెల్లగా అంది. "ఏడాది పోతే పోయింది, చోటు తప్పయితే జన్మంతా ఏడవాలి కదమ్మా" అన్నాడు రత్నాకరం, భార్యకు కాదు, గురువుగారికి.

సుభద్రమ్మగారు అవునన్నట్టు తల ఊపారు. ఆ రోజు ఆశ్రమంలో కొత్త వంటశాల ప్రవేశం. పాతది కూల్చేశారు కనక, కొత్త పొయ్యి మీద పాలు పొంగాకే ఎవరికైనా వంట. "పొయ్యి ఎక్కడ పెట్టాలో చూడు నాయనా. పాలు పొద్దున్నే పితికినవి, అదిగో గిన్నెలో ఉన్నాయి" అని చెప్పి ఆవిడ జపానికి వెళ్లిపోయారు.

రత్నాకరం పని భక్తిగానే మొదలుపెట్టాడు. ఆగ్నేయమూల శాస్త్రం, కానీ గాలి అటునుంచే కొడుతోంది, పొగంతా లోపలికి వస్తుంది. వాయవ్యంలో పొగ బాధ లేదు గానీ బావి దూరం. కిటికీ ఉన్న మూల వెలుతురు బాగుంది, వానొస్తే జల్లు పడుతుంది. నాలుగో మూల అన్నిటికీ నయం, అక్కడ కప్పు మరీ కిందికి ఉంది. పొయ్యి ఇటుకలు ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు.

"ఏవండీ, ఎండ ముదిరిపోతోంది. పాలు..."

"ఒక్క నిమిషం హైమా. రోజూ వండుకునే చోటు, హడావుడి పడితే ఎట్లా?"

"ఏ మూలైనా మంట మంటే కదా నాన్నా! ఆకలేస్తోంది" అంది నీరజ.

వంట చూసే పిచ్చమ్మగారు గుమ్మంలో చతికిలబడి చాలాసేపటి నుంచి ఈ తంతు చూస్తోంది. "నీ వరస చూస్తే బాబూ, ఈ పొయ్యిక్కూడా వీసా తెప్పించేట్టున్నావే!" అనేసరికి అందరూ నవ్వారు. రత్నాకరం కూడా నవ్వాడు, నవ్వుతూనే ఇటుకలు ఇంకోసారి జరిపాడు.

సూర్యుడు నడినెత్తికొచ్చాక అతను తిరిగి ఆగ్నేయమూలకే వచ్చాడు. హైమవతి గిన్నెకి పసుపూ కుంకుమా అద్ది పొయ్యి మీద పెట్టింది. అందరూ అక్షింతలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. పాలు కాగాయి గానీ పొంగలేదు. తెల్లటి ముక్కలు ఒకవైపు, పచ్చటి నీళ్లు ఒకవైపు, చూస్తుండగానే విరిగిపోయాయి. కొత్త ఇంట్లో పాలు విరగడమంటే ఏమిటో అక్కడ తెలియనివాళ్లు లేరు. రత్నాకరం మొహం నల్లబడిపోయింది.

జపమాల చేతిలో ఉండగానే సుభద్రమ్మగారు వచ్చి గిన్నెలోకి చూశారు.

"బెల్లం కొట్టి వెయ్యి తల్లీ. పిల్ల ఆకలంటోంది" అన్నారు హైమవతితో, ఏమీ జరగనట్టే.

బెల్లం కరిగి, గిన్నె దగ్గరపడి, కమ్మటి వాసన వచ్చింది. నీరజ విస్తరాకు ముక్కలో ఇంత పెట్టించుకుని, ఊదుకుంటూ తింటోంది. రత్నాకరం చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందమ్మా. ఇంతకీ ఆ నాలుగు మూలల్లో ఏది సరైనది?"

తల్లి భుజం దాటి ఎదిగిపోయిన ఆ పిల్లకేసి సుభద్రమ్మగారు చూశారు.

"నాలుగూ మంచివే నాయనా" అన్నారు. "పాలే అంతసేపు ఆగేవి కావు."