వణికే చుక్క

ఇనుమును కోసే లేజరు వెలిగించే ముందు ఫణిభూషణం మాస్టారు, దాని వెలుగును మళ్లించే అద్దం ముందు నిలబడేవారు కాదు. దాని వెనక్కి వెళ్లి, అద్దాన్ని చల్లబరిచే నీళ్లు పారే గొట్టం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవారు. ఎవరిదో నాడి చూస్తున్నట్టుండేది.

ఒకసారి పెద్దలెవరో చూడవచ్చిన రోజున ఆ ప్రయోగశాలలో రాగి అద్దం ఉబ్బి, పైపూత మాడిపోయింది. నీళ్ల పంపు చూసేది యేసోబు కాబట్టి నింద అతని మీద పడింది. "ఏం యేసోబూ, కుళాయి కట్టేసి కునుకు తీశావా?" అని తోటివాళ్లు నవ్వారు. యంత్రం దగ్గరికి రానివ్వడం మానేశారు. అతను గది బయట బల్ల మీద తల దించుకుని కూర్చునేవాడు.

మాస్టారి శిష్యురాలు హైమవతి ఆ బల్ల వైపు చూడలేకపోయేది. ఒకనాడు అడిగింది: "వచ్చిన వెలుగంతా తిప్పి పంపేస్తుంది కదండీ అద్దం. తన దగ్గర ఉంచుకునేది రవ్వంత. ఆ రవ్వంతకే ఎందుకు పాడైపోతుంది మాస్టారూ?"

ఆయన లేచి, శక్తి బాగా తగ్గించి లేజరు వెలిగించారు. ఎదుటి తెర మీద వెలుగుచుక్క సన్నగా వణికింది. అద్దం వెనక నీళ్లు పారుతుంటే ఆ మాత్రం అదురు తప్పదు.

"కుళాయి కట్టమ్మా," అన్నారు.

కట్టింది. చుక్క నిలిచిపోయింది. గాలి ఆగిన ఆకాశంలో నక్షత్రంలా, ఎంత అందంగా ఉందో! చూడవచ్చిన పెద్దల ముందు ఈ అందం చెదరకూడదనే, అద్దం మాడిన ఆ రోజూ ఆమె ఇలాగే కట్టింది. చప్పట్ల మధ్య మళ్లీ తిప్పడం మరిచిపోయింది.

కాసేపటికి అద్దం వేడెక్కింది. చుక్క అంచులు చెదిరి, ఏడ్చిన కంట్లో కాటుకలా పక్కకి పాకింది.

"తిప్పమంటారా మాస్టారూ?"

"నన్నడుగుతావేం?"

ఆమె చెవులు సిగ్గుతో వేడెక్కాయి. కుళాయి తిప్పింది. తలుపు తీసి యేసోబును లోపలికి పిలిచింది. పక్క గదిలోని తోటివాళ్లు కూడా తొంగి చూశారు.

"ఆ రోజు కట్టింది నేను యేసోబూ. వీళ్లు నిన్ను చూసి నవ్వుతుంటే... నేనూ నవ్వాను."

ఆమె గొంతు వణికింది. యేసోబు ఆమెను దాటుకుని వెళ్లి, గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు.

తెర మీద చుక్క మెల్లగా సన్నబడి, మళ్లీ అదరసాగింది. మాస్టారు దానివైపే చూస్తూ అన్నారు:

"వణకనీ అమ్మా. చోటు తప్పలేదు."