బ్యారన్‌లో మేక, చేతిలో టార్చి

నల్లగట్లపాలెంలో మాలకొండయ్య ఇంటికి ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఇంకే ఇంటికీ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. మాలకొండయ్యే అన్నాడు, రోజుకు నాలుగుసార్లు అంటూనే ఉండేవాడు. ఆయన తమ్ముళ్ళు సింగరయ్య, నరసింగం అవునని తలూపేవాళ్ళు. ఆయన భార్య రవణమ్మ మరీ తెలివైనది కాబట్టి వాళ్ళకన్నా ముందే ఊపేసేది.

ఇంత తెలివి వాళ్ళ నాన్న పెట్టిన భిక్ష. పోతూ పోతూ ఆయన, "చీకట్లో అడుగు పెట్టబాకండ్రా" అని చెప్పి కన్నుమూశాడు. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో కరెంటు పోతే ఎవరు ఎత్తిన కాలు వాళ్ళు ఎత్తినట్టే ఉంచి, మళ్ళీ వచ్చేదాకా ఒంటికాలి మీద నిలబడేవాళ్ళు. అంత పితృభక్తి మనబోటి వాళ్ళకు ఎక్కడొస్తుంది!

ఒకరోజు పొద్దున వాళ్ళ చూలు మేక కట్టు తెంపుకుని, ఇంటికి పడమరగా ఉన్న పాత పొగాకు బ్యారన్‌లోకి దూరింది. బ్యారన్ అంటే పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టం. కిటికీల్లేవు. తలుపు తీసినా గడప దాటి రెండడుగులే వెలుతురు, ఆ వెనకంతా కటిక చీకటి. లోపల్నుంచి మేక అరుస్తోంది.

"అయ్యో, పసిదానికి పాలెట్టాగయ్యా!" అని రవణమ్మ గుండెలు బాదుకుంది. మాలకొండయ్య మనవరాలికి ఐదు నెలలు. తల్లి జ్వరంతో పడుంది, పాలు లేవు. మేక ఇవాళో రేపో ఈనుతుంది, దాని పాలే పాపకు దిక్కని ఇల్లంతా ఎదురుచూస్తోంది. మాలకొండయ్యకు ఆ పాపంటే ప్రాణం. ఇంట్లో పాప ఆకలికి ఏడుస్తుంటే బ్యారన్ గడప దాకా పోయి వెనక్కి వస్తున్నాడు. కానీ చీకట్లో అడుగు ఎలా పెడతాడు? నాన్న మాట కదా!

ఇంకేముంది, తమ్ముళ్ళను వెంటబెట్టుకుని టార్చి కొనడానికి మస్తాన్ ఎలక్ట్రికల్ షాపుకు పరిగెత్తాడు. మస్తాన్ ఓపికమంతుడు. టార్చి విప్పి మరీ చూపించాడు.

"ఇదిగో పెద్దాయనా, రెండు బ్యాటరీలు. మూతులు ముందుకుండాల. తోక మూతలో ఈ స్ప్రింగు వాటిని నొక్కి పట్టుద్ది. కరెంటు బల్బులోకి పోయి, ఈ రేకు మీదుగా చుట్టు తిరిగి మళ్ళీ బ్యాటరీ దగ్గరికి రావాల. ఆ చుట్టులో ఏడ ఎడం వచ్చినా వెలగదు. ఈ మెరిసే గిన్నె వెలుగును ముందుకు తోస్తది. తెలిసిందా?"

"మాకా తెలవనిది?" అన్నాడు మాలకొండయ్య నొచ్చుకుని.

బ్యారన్ దగ్గరికి వచ్చి బ్యాటరీలు వేయబోతుంటే సింగరయ్యకు అనుమానం వచ్చింది. "అన్నా, మూతులు ముందుకన్నాడు. ముందంటే ఎటు?"

"మనింటి ముందు ఎటురా?"

"తూర్పు."

"మరింకేంది! తూరుపుకే ఉండాల."

టార్చి పడమరకు, బ్యారన్ వైపు పట్టుకున్నారు. బ్యాటరీల మూతులు మాత్రం తూర్పుకు, ఇంటి వైపు తిప్పి వేశారు. స్విచ్ నొక్కారు. ఏం వెలుగుతుంది? మాలకొండయ్య ఏమాత్రం కంగారు పడలేదు.

"చుట్టులో ఎడం వచ్చినట్టుంది. అందరూ చేతులు పట్టుకోండి!"

అంతే, నలుగురూ బ్యారన్ గుమ్మంలో గుండ్రంగా నిలబడి చేతులు బిగించారు. టార్చి తల మాలకొండయ్య చేతిలో, తోక సింగరయ్య చేతిలో. ఎక్కడా ఎడం లేదు. చూడముచ్చటగా ఉంది. లోపల మేక గొంతు చించుకుంటోంది.

"స్విచ్ ఎవరు నొక్కాల?" అంది రవణమ్మ.

నలుగురికీ ఎనిమిది చేతులు, ఒక్కటీ ఖాళీ లేదు. మాలకొండయ్య వంగి ముక్కుతో నొక్కాడు. వెలగలేదు. గట్టిగా నొక్కాడు. ముక్కు కమిలింది. ఇంతలో నరసింగానికి ముక్కు దురద పెట్టింది. "గోక్కుంటే చుట్టు తెగుద్ది, చంపుతా!" అని అన్న ఉరిమాడు. పాపం, నరసింగం కళ్ళ వెంట నీళ్ళు పెట్టుకుని ఓర్చుకున్నాడు.

అటుగా సైకిల్ మీద పోతున్న మస్తాన్ ఈ వేడుక చూసి ఆగాడు. టార్చి లాక్కుని, బ్యాటరీలు తిప్పి వేసి, వెలిగించి చేతికిచ్చాడు.

"మూతులు బల్బు వైపుండాల. ఇంక ఏ దిక్కుకి తిప్పినా వెలుగుద్ది. పోయి మేకను తోలుకోండి సామీ!" అని దణ్ణం పెట్టి, ఇంకొక్క మాట వినాల్సి వస్తుందేమోనని గబగబా తొక్కుకుంటూ పోయాడు.

మాలకొండయ్య వెలుగు లోపలికి కొట్టాడు. మూలన మేక, దాని పక్కన తడితడిగా రెండు పిల్లలు.

"అన్నా, మూడున్నాయే!" అన్నాడు నరసింగం. "మనది ఒకటే కదా?"

మాలకొండయ్య గడ్డం గోక్కున్నాడు. "టార్చిలో బ్యాటరీలెన్ని?"

"రెండు."

"అదీ సంగతి! మస్తాను ఎక్కువేశాడు, అందుకే ఎక్కువ కనపడుతున్నాయి. ఒకటి తీసెయ్."

తీసేశారు. టార్చి ఆరిపోయింది. మేకా లేదు, పిల్లలూ లేవు, అంతా చీకటి. మళ్ళీ వేశారు, మూడు. తీశారు, ఒక్కటీ లేదు. మాలకొండయ్య చేతిలో ఉన్న బ్యాటరీ వంక చూశాడు.

"ఒరే... ఇది వేస్తే ఉంటన్నాయి, తీస్తే పోతన్నాయి. మేక ఇందులో ఉందిరా!"

"మరి లోపల అరుస్తోందిగా?" అంది రవణమ్మ.

"కనపడందాన్ని పట్టుకుని ఉందంటావేందే!" అని కసిరాడు మాలకొండయ్య. రవణమ్మ తప్పు తెలుసుకుని చెంపలు వేసుకుంది.

ఇంకేముంది, బ్యాటరీని తువ్వాలులో చుట్టి, పురిటి మేక కదా, కుదుపు తగలకుండా ఇంటికి తెచ్చారు. రవణమ్మ చెంబు కడుక్కొచ్చి వాకిట్లో గొంతుక్కూర్చుంది. బ్యాటరీ మూతి మీద చిన్న బొడిపె ఉందిగా, అదే చన్ను అని మాలకొండయ్య ఇట్టే కనిపెట్టాడు.

"మేకకి రెండుండాలిగా?" అంది రవణమ్మ.

"రెండోది రెండో బ్యాటరీకుంది!" అన్నాడు సింగరయ్య. వాడి తెలివికి అందరూ ముచ్చటపడి దాన్నీ తెచ్చారు. రవణమ్మ రెండు చేతులా పితకసాగింది. లోపల పాప ఏడుస్తోంది. "ఒక్క నిమిషం తల్లీ, చేపుతోంది!" అని మాలకొండయ్య కేకేశాడు. ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

అప్పుడే మేక పిల్లల్ని వెంటేసుకుని బ్యారన్‌లోంచి తనంతట తనే నడిచొచ్చి, పాలతో బరువెక్కిన పొదుగు ఊపుకుంటూ చెంబు పక్కనే నిలబడి 'మే' అంది.

మాలకొండయ్యకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరిదిరా ఈ మేక? పాలు తీసేటప్పుడే రావాల్నా! మనది బెదిరి చేపడం మానేస్తది, ముందు దీన్ని ఊరవతలకి తోలి రాపోండి!"